కోటలూ పేటలూ – 9 : బద్దలు కాకుండానే పోయిన ఆదోని

గుత్తి కొండ మీద నీళ్లు అడుగంటాక మురారిరావు ఘోర్పడే 1776లో హైదర్‌అలీకి లొంగిపోయిన సంగతి గత భాగంలో చూశాం. ఫిరంగులకు చలించని కోట దాహానికి ఓడింది. మురారిరావు కబ్బాళదుర్గం చెరలోనే కన్నుమూశాడు. గుత్తి కథ విన్నవాళ్లు సీమ కోటలన్నీ అలాగే పోయి ఉంటాయని అనుకుంటారు. అయితే నీళ్లు చాలక, లేదంటే గోడ కూలి. గుంతకల్లు నుంచి రాయచూరు వైపు పోయే రైలుదారిలో తగిలే ఆదోనికి ఈ లెక్క పనికిరాదు. ఆ కొండల మీద నీళ్లకు కరువు లేదు. గోడలా, దక్కనులో పేరుమోసినవి. అయినా 1568లో ఒకసారి, 1688లో ఒకసారి, 1786లో ఒకసారి కోట శత్రువు పాలైంది. ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా శత్రువు గోడ బద్దలుకొట్టి కొండ కోటలోకి దూరలేదు. రెండుసార్లు లోపలివాళ్లే మాట్లాడుకుని తాళాలు అప్పగించారు. మూడోసారి వాళ్లే ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆదోని బలం దాని గోడల్లో లేదు, ఆ గోడల వెనక ఎంత త్వరగా సైన్యం వచ్చి నిలబడగలదన్న దాంట్లో ఉంది అన్నది ఈ భాగంలో నేను చెప్పదలచుకున్న మాట. ఆ సైన్యం ఉన్నన్నాళ్లు కోట చెక్కుచెదరలేదు. అది లేని రోజున కొండ ఎంత ఎత్తైనా లాభం లేకపోయింది.

ముందు చోటు సంగతి. మద్దికెర నుంచి పొద్దున్నే బయల్దేరి గుంతకల్లులో బండి మారితే ఆదోని చూసుకుని దీపాలవేళకు ఇల్లు చేరవచ్చు. కళ్లు తెరుచుకుని చూసేవాళ్లకు ఆ ఒక్క రోజులో చాలా చరిత్రే కనిపిస్తుంది. చుట్టూ చదునైన నల్లరేగడి. ఆ చదునులోంచి ఉన్నట్టుండి లేచిన రాతి గుట్టలు. వాటిలో అయిదింటిని కలుపుకుని కోట కట్టారు. అన్నిటికన్నా ఎత్తైనవి బారాఖిల్లా, తాలిబండ. కింది నేల నుంచి దాదాపు 800 అడుగులు. బారాఖిల్లా శిఖరం దాపున రాతిలో చెక్కిన జైన తీర్థంకరుల మూర్తులున్నాయి. అంటే కోటకన్నా ముందే ఆ కొండ మీద మనుషుల రాకపోకలు ఉండేవన్నమాట. కొండ సగం ఎత్తులో ఎన్నడూ ఎండదని పేరుపడ్డ చెరువుంది. ఈ చెరువును బట్టే గుత్తికీ ఆదోనికీ తేడా తెలుస్తుంది. ఉత్తరాన కొంత దూరంలో తుంగభద్ర. ఆ నదికి అవతల కృష్ణ దాకా ఉన్నది రాయచూరు అంతర్వేది, రెండు వందల ఏళ్లు రెండు రాజ్యాలు కొట్టుకున్న నేల. నది దాటి దక్షిణానికి దిగిన సేనకు ఎదురుగా నిలిచే మొదటి పెద్ద కోటల్లో ఆదోని ఒకటి. కింద రేగడిలో పండే జొన్నలూ పత్తీ కోటను పోషించేవి. కోట ఆ పేటకు కాపలా కాసేది. ఒకటి లేకుండా రెండోది ఎన్నాళ్లు బతకగలదన్న ప్రశ్న ఈ కథ పొడుగునా మనల్ని వెంటాడుతుంది.

విజయనగరం రోజులతో మొదలుపెడదాం. 1366 ప్రాంతంలో బహమనీ సుల్తాను మహమ్మద్ షా, బుక్కరాయలు తలపడినప్పుడు రాయలు ఆదోనిని ఆసరా చేసుకున్నాడని, ఆ తరవాత కోటను మేనల్లుడి చేతిలో పెట్టి సైన్యంతో బయటికి కదిలాడని ఫరిష్తా రాశాడు. ఫరిష్తా బీజాపూరు కొలువులో ఉండి రాసిన చరిత్రకారుడు. విజయనగరాన్ని పొగడాల్సిన అవసరం ఏ కోశానా లేనివాడు. అందుకే అతని మాటకు ఇక్కడ విలువ ఎక్కువ. అప్పుడు సుల్తాను ఏం చేశాడు? కోట ముందు కూర్చుని నెలలు గడపలేదు, రాయల వెంట పడ్డాడు. అతనికి తెలుసు, బయట తిరిగే సేన మిగిలి ఉండగా కోటను చుట్టుముడితే చుట్టుముట్టినవాడే చుట్టుముట్టబడతాడని. 1406 నాటి యుద్ధంలో ఫిరోజ్ షా కన్ను ఆదోని మీద పడేసరికి దేవరాయలు సంధి మాట్లాడుకున్నాడు. ఇది రాయల పిరికితనం అనిపించవచ్చు. అది నాకు లెక్క తెలిసినవాడి పనిలా కనిపిస్తుంది. కోటకు సాయం పంపగల స్థితిలో లేనప్పుడు దాన్ని పందెంలో పెట్టకుండా సంధితో కాపాడుకోవడమే తెలివి. దాదాపు రెండు శతాబ్దాలు బహమనీలూ వాళ్ల వారసులూ ఎన్నిసార్లు నది దాటినా ఆదోని రాయల చేతిలోంచి జారకపోవడానికి కారణం కొండ ఎత్తు ఒక్కటే అయితే, ఆ తరవాతి మూడు పతనాలూ జరగకూడదు. కొండ ఎత్తు ఏమీ తగ్గలేదు కదా.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధం. అళియరామరాయల తల తెగింది, హంపీ కాలింది, తిరుమలరాయలు పెనుగొండ దారి పట్టాడు. ఆదోని మాత్రం అప్పుడే పడలేదు. మూడేళ్లు నిలిచింది. ఈ మూడేళ్లను చూపించి, ‘గోడల బలం కాకపోతే మరి ఇదేమిటి?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు సగం కోటలో, సగం బయట ఉంది. గెలిచిన సుల్తానులు కలిసి ఉన్నది ఆ ఒక్క యుద్ధం దాకానే. కొల్లగొట్టిన సొత్తు పంచుకోకముందే పాత పగలు లేచాయి, ఎవడి సరిహద్దు వాడు చూసుకోవడంలో రోజులు గడిచాయి. బీజాపూరు అలీ ఆదిల్ షాకు తీరిక దొరికి, అంకుశ్ ఖాన్‌ను ఎనిమిది వేల గుర్రంతో పంపింది 1568లో. ఫరిష్తా చెప్పిన ప్రకారం కోట సర్దారు మొదట బయటికొచ్చి మైదానంలోనే పోరాడాడు, ఒకటి రెండుసార్లు కాదు. ఓడాక లోపలికి చేరి తలుపులు మూసుకున్నాడు. ముట్టడి చాన్నాళ్లు సాగింది. చివరికి మాట పుచ్చుకుని కోట అప్పగించాడు. విజయనగర రాజులు ఆపదలో కుటుంబాలను దాచుకోవడానికి నమ్ముకున్న చోటు ఇదని, శిఖరం మీద మంచినీటి కొలనులు, రాజభవనాలు ఉండేవని కూడా ఫరిష్తా రాశాడు. నీళ్లున్నాయి, భవనాలున్నాయి, గోడలున్నాయి. లేనిది ఒక్కటే, పెనుగొండ నుంచి రావలసిన సైన్యం. ఎదురుచూపు దేనికోసమో ఆ సర్దారుకు తెలియని రోజు వచ్చింది, కోట పోయింది. గోడలు అతనికి కొన్ని నెలలు కొనిపెట్టాయి. ఆ నెలలతో ఏం చేసుకోవాలో చెప్పగల రాజు మాత్రం అప్పటికి లేడు.

బీజాపూరు చేతికొచ్చాక ఆదోని మారిపోయింది. ఈ మార్పును మన పాఠ్యపుస్తకాలు తేల్చేసినంత తేలిగ్గా దాటెయ్యకూడదు. ఇక్కడ ఏలినవాళ్లలో ఎక్కువ పేరు తెచ్చుకున్నవాళ్లు ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు, సిద్దీలు. మలిక్ రహమాన్ ఖాన్ అనే హబ్షీ చాలా ఏళ్లు కోటను ఏలాడు. అతని సమాధి తాలిబండ మీద ఉంది. అతని తరవాతి కాలపు సిద్దీ మసూద్ ఖాన్ ఇంకా గట్టివాడు. కర్నూలు సీమను ఏలిన సిద్దీ జౌహర్‌కు అల్లుడు. సముద్రాల అవతల పుట్టిన వంశాలు నల్లరేగడి మీద నాలుగు తరాలు నిలిచి, కన్నడం, తెలుగు, దక్కనీ కలిసిన మాటలతో పన్నులు వసూలు చేసి, దేవాలయాల మాన్యాలూ దర్గాల ఇనాములూ ఒకే దస్తరంలో రాయించిన కాలం అది. ఆదోని బజారులో ఈనాటికీ ఒకే బేరంలో మూడు భాషలు దొర్లడం వెనక ఈ చరిత్ర ఉంది.

మసూద్ ఖాన్ పేరు మన వైపు ఇళ్లలో చాలామంది వింటూనే ఉంటారు, అతని పేరని తెలియకుండా. మంత్రాలయం కథలో వచ్చే ఆదోని నవాబు అతనే. ఏమీ చదువురాని వెంకన్న రాఘవేంద్రస్వామి దయతో నవాబు దగ్గర దివాను కావడం, నవాబు స్వామిని పరీక్షించబోయి గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం పెట్టించడం, గుడ్డ తీస్తే పూలు ఉండటం, అప్పుడు మంచాల గ్రామం ఇనాముగా ఇవ్వడం – ఇదంతా భక్తుల సంప్రదాయం. పూల సంగతి భక్తికి వదిలేద్దాం. చరిత్రకు అక్కరకొచ్చేది మంచాల ఇనాము. స్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు. హబ్షీ వంశపు ముసల్మాను సర్దారు, బ్రాహ్మణ దివాను, మాధ్వ మఠానికి నది ఒడ్డున ఊరు. సరిహద్దు కోటను ఏలేవాడికి కింద పేటా చుట్టూ పల్లెలూ కలిసొస్తేనే గింజలూ పన్నులూ కొండెక్కుతాయి. మసూద్ ఖాన్ ఉదారుడా లౌక్యుడా అని తేల్చడం నాకు ముఖ్యం కాదు. సరిహద్దులో బతికేవాడికి ఆ రెండింటి మధ్య తేడా పెద్దగా ఉండదు.

పట్నంలోని జామియా మసీదు కట్టించిందీ అతనే. రెండు లక్షలు ఖర్చయిందని చెబుతారు. మసూద్ ఖాన్ ఆదోనికే పరిమితమై ఉంటే సుఖంగా పోయేవాడేమో. 1678లో బీజాపూరు దర్బారు అతన్ని పిలిచి చిన్న వయసు సుల్తానుకు రాజప్రతినిధిని చేసింది. అప్పటికే ఆ రాజ్యం బొక్కసం ఖాళీ. దక్కనీలకూ పఠాన్లకూ పొత్తు కుదరదు, పడమట మరాఠాలు, ఉత్తరాన మొగలులు. అయిదేళ్లు లాగి, 1683లో పదవి వదిలేసి ఆదోనికి తిరిగొచ్చేశాడు. ఇదొక గమనించదగ్గ విషయం. రాజ్యం పరిస్థితి లోపలినుంచి చూసినవాడు, అందరికన్నా ముందు దానిమీద ఆశ వదులుకున్నవాడు, కోటలోకి వచ్చి కూర్చున్నాడు. 1686 సెప్టెంబరులో బీజాపూరు, సరిగ్గా ఏడాదికి గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. ఇక ఆదోని ఏ రాజ్యపు సరిహద్దు? దేనికీ కాదు. కాపాడాల్సిన రాజ్యమే పోయాక మిగిలిన సరిహద్దు కోట అది.

1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిని చుట్టుముట్టాడు. మొదటి నిజాం అసఫ్‌జా తండ్రి అతను. అప్పటికింకా చూపు ఉంది. కొద్ది నెలలకే బీజాపూరులో ప్రబలిన మహమ్మారి రోగంలో కళ్లు పోగొట్టుకున్నాడు. ఈ ముట్టడి గురించి ఆదోనిలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. కోట లొంగడం లేదని చూసిన ఫిరోజ్ జంగ్, మసూద్ ఖాన్‌కు ప్రాణంకన్నా ఎక్కువైన జామియా మసీదు మీదికి ఫిరంగులు తిప్పించాడట. మసీదు కూలడం చూడలేక ముసలి సర్దారు కోట అప్పగించాడట. నిజమైతే నా వాదన కొంత చెదురుతుంది. లొంగించింది సైన్యం రాకపోవడం కాదు, మనిషి మనసులోని ప్రేమ అని ఒప్పుకోవాలి. నేను ఈ కథను కొట్టిపారెయ్యను. కట్టినవాడికి కట్టడం మీద మమకారం ఉండటంలో ఆశ్చర్యం లేదు. పైగా మసీదు ఉన్నది కింద పట్నంలో, కొండ కోటలో కాదు. అంటే పేటను ఎర చూపి కోటను గెలిచిన పన్నాగం ఇది. కాకపోతే ఒక ప్రశ్న. రెండేళ్ల కిందటి దాకా, బీజాపూరు నిలిచి ఉన్నప్పుడు, ఇదే బెదిరింపు పనిచేసేదా? సాయం వస్తుందన్న నమ్మకం ఉన్న సర్దారు, మసీదు పోతే మళ్లీ కట్టుకోవచ్చు అనుకునేవాడు. మళ్లీ కట్టుకునే రోజు రాదని తెలిసినవాడే మసీదు కోసం కోట ఇస్తాడు. మసీదు లొంగుబాటుకు సాకైంది. దారి వేసినవి మాత్రం బీజాపూరు, గోల్కొండల పతనాలే. ఔరంగజేబు కోటకు ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టాడు. నాణేల మీదా ఫర్మానాల్లోనూ ఆ పేరు నడిచింది కానీ జనం నోట ఆదోని ఆదోనిగానే ఉండిపోయింది.

ఆ ఏడాదే భూగోళానికి అవతలివైపు మరో కొండ కోట కష్టాల్లో పడింది. జర్మనీలో నెక్కార్ నది ఒడ్డున, కింద పట్నం, పైన ఎర్రరాతి కోట ఉన్న హైడెల్‌బర్గ్ అది. 1688లో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ సైన్యాలు పాలటినేటు సీమ మీద పడి దాన్ని పట్టుకున్నాయి. ఫ్రెంచివాళ్లకు దాన్ని నిలుపుకునే ఉద్దేశం లేదు. వెనక్కి పోతూ 1689లో తగలబెట్టి, పేల్చేశారు. సగం బాగుచేసుకునే లోపు 1693లో మళ్లీ వచ్చి మిగిలింది పడగొట్టారు. మందుగుండు పెట్టి పేల్చిన ఒక బురుజు నిలువునా చీలి, సగం ముక్క కందకంలోకి ఒరిగి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఏటా లక్షలమంది వెళ్లి చూసేది దాన్నే. ఫ్రెంచివాళ్లు అక్కడ ఏం చేశారో వందేళ్లలోపు టిపూ సుల్తాన్ ఆదోనిలో అదే చేశాడు. గెలిచిన కోటను ఉంచుకోలేనని తెలిసినవాడు దాన్ని ఎందుకు పగలగొడతాడన్న సంగతి అర్థమైతే కోట దేనికి పనికొస్తుందో కూడా అర్థమవుతుంది. ఆ సంగతికి వచ్చే ముందు ఆదోని చిన్న దర్బారు ఒక పెద్ద యుద్ధానికి నిప్పు ఎలా రాజేసిందో చూడాలి.

మొగలుల తరవాత ఆదోని అసఫ్‌జాహీల ఇంటి ఆస్తి అయింది. నిజాం మనవడు ముజఫర్ జంగ్‌కు ఈ సీమ జాగీరు. నిజాం గద్దె ఎక్కిన కొద్దివారాలకే, 1751లో, కడప సీమలో పఠాను నవాబుల తిరుగుబాటులో అతను చనిపోయాడు. ఆ తరవాత కొన్నేళ్లకు ఆదోని, రాయచూరు జాగీరు నిజాం కొడుకుల్లో ఒకడైన బసాలత్ జంగ్‌కు దక్కింది. 1688లో కోటను గెలిచిన ఫిరోజ్ జంగ్‌కు ఇతను మనవడే. అన్న నిజాం అలీ హైదరాబాదులో గద్దె మీద ఉంటే, తమ్ముడు ఆదోనిలో తన సొంత దర్బారు పెట్టి, ఫ్రెంచి సిపాయిలను కొలువులో ఉంచుకుని, అటు అన్నకూ ఇటు హైదర్‌కూ నడుమ కాలం వెళ్లదీశాడు. ఇతనికే గుంటూరు సర్కారు కూడా జాగీరు. నల్లరేగడి మధ్య కొండ మీద కూర్చున్న నవాబుకు కోస్తాలో సముద్రం ఒడ్డున భూములు. వాటి గుండా ఫ్రెంచివాళ్ల తుపాకులూ మందుగుండూ చేరుతున్నాయని మద్రాసు ఇంగ్లీషువాళ్లకు కంటగింపు. 1779లో వాళ్లు నిజాంను దాటేసి నేరుగా బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకున్నారు. గుంటూరు కౌలుకు ఇవ్వాలి, ఫ్రెంచివాళ్లను పంపెయ్యాలి, బదులుగా ఇంగ్లీషు సైన్యం ఆదోనిని కాపాడుతుంది. ఆ సైన్యం, కర్నల్ హార్పర్ నాయకత్వంలో, హైదర్ ఆధీనంలోని కడప సీమ గుండా ఆదోనికి నడవబోయింది. కనుమల్లో హైదర్ మనుషులు అడ్డుపడ్డారు. అటు తన తమ్ముడితో తనకు చెప్పకుండా ఒప్పందమా అని నిజాంకు కోపం. ఇటు తన నేల మీదుగా దండు నడుపుతారా అని హైదర్‌కు కోపం. ఇద్దరూ మరాఠాలతో కలిశారు. ఆదోని నుంచి పంపేసిన ఫ్రెంచి దళం నాయకుడు లాలీ నేరుగా పోయి హైదర్ కొలువులో చేరాడు. 1780లో మొదలైన రెండో మైసూరు యుద్ధానికి ఉన్న కారణాల్లో ఈ ఆదోని ఒప్పందం చిన్నదేమీ కాదు. బసాలత్ జంగ్ చేసిన తప్పు, కోటకు దన్నుగా సొంత సైన్యం లేనప్పుడు ఆ దన్నును అద్దెకు తెచ్చుకోవాలనుకోవడం. అద్దెకు తెచ్చుకున్న ఆ బలగం ఆదోని ముఖం కూడా చూడలేదు.

1782లో బసాలత్ జంగ్ పోయాడు. కొడుకు మహాబత్ జంగ్ వచ్చాడు. నిజాం అలీకి ఇతను అల్లుడు కూడా. 1786 వేసవిలో నిజాం, మరాఠా సేనలు కలిసి టిపూ చేతిలోని బాదామిని పట్టుకున్నాయి. టిపూ బాదామికి పరుగెత్తలేదు, ఆదోని మీద పడ్డాడు. ఎందుకంటే ఆ కోటలో నిజాం కూతురుంది, అంతఃపురముంది. దాన్ని ముట్టడిస్తే శత్రువు సైన్యం ఎక్కడున్నా ఇటు రాక తప్పదు. రెండుసార్లు గట్టిగా లగ్గలకు దిగాడు. రెండుసార్లూ తిప్పికొట్టారు. నిజాం తమ్ముడు మొగల్ అలీ నాయకత్వంలో సాయం వచ్చింది, మరాఠా గుర్రమూ తోడైంది. టిపూ ముట్టడి సడలించాడు. నా వాదన ప్రకారం ఆదోని ఇక్కడ నిలబడాలి. కోట బలంగా ఉంది, సాయమూ సమయానికి వచ్చింది. అయినా పోయింది. ఎందుకు?

ముంగారు వానలు. పడమటి కనుమల్లో వాన పట్టిందంటే తుంగభద్ర పొంగుతుంది. సాయానికొచ్చిన సేన నదికి దక్షిణాన, గింజలూ గడ్డీ మందుగుండూ రావలసింది ఉత్తరం నుంచి. నది నిండితే ఆ సేన కూడా కోటలాగే చిక్కుకుంటుంది. సర్దార్లు లెక్క వేసుకున్నారు. కోటలో ఉండి ఏటికి ఇవతల చిక్కుబడేకన్నా, నవాబునీ ఆడవాళ్లనీ తీసుకుని నది దాటెయ్యడం మేలనుకున్నారు. ఫిరంగులూ సరుకూ అక్కడే వదిలి రాయచూరు దారి పట్టారు. గోడ బద్దలు కాకుండానే ఆదోని టిపూ చేతికి చిక్కింది. దీన్ని బట్టి నా మాటను కాస్త సరిచేసి చెప్పాలి. సాయం రావడం ఒక్కటే చాలదు, ఆ సాయం నిలవగలగాలి. సరిహద్దు కోట బలం దానికీ దాని రాజ్యానికీ మధ్య దారి తెరిచి ఉండటంలో ఉంది. విజయనగర కాలంలో ఆదోనికీ రాజధానికీ మధ్య తుంగభద్ర లేదు, శత్రువుకూ ఆదోనికీ మధ్య ఉంది. నిజాం కాలం వచ్చేసరికి అది తిరగబడింది. అదే కొండ, అదే ఏరు. ఏలేవాడు దక్షిణం నుంచి ఉత్తరానికి మారేసరికి కాపలా కాసిన ఏరే కాళ్లకు అడ్డమైంది. అన్నట్టు, వానకాలంలో నది ఎవరూ దాటరని ధీమాగా ఉన్న ఆ సేనల మీదికి టిపూ ఆ వానల్లోనే పుట్టిలూ తెప్పలూ కట్టించి, నిండు తుంగభద్రను దాటి వెళ్లాడు. ఏరు దాటలేనిదన్న నమ్మకమే మహాబత్ జంగ్‌కు కోట పోగొట్టిందన్నమాట.

టిపూ కోటను ఉంచుకోలేదు. ఫిరంగులనూ సరుకునూ గుత్తికీ బళ్లారికీ తరలించి, గోడలు పడగొట్టించాడు. ఇక్కడ ఎదురయ్యే ఆక్షేపణ బలమైనది. గోడల వల్ల ప్రయోజనం లేకపోతే వాటిని కూల్చడానికి అంత శ్రమ ఎందుకు? గోడల వల్ల ప్రయోజనం లేదని నేను అనడం లేదు. గోడలు ఇచ్చేది వ్యవధి. దాన్ని వాడుకోగల సైన్యం ఉన్నవాడికి ఆ వ్యవధి ఎంతో విలువైనది. టిపూ లెక్క సూటిగా ఉంది. సంధిలో ఆదోని ఎలాగూ నిజాంకు తిరిగిపోతుంది, పోయినా పనికిరాకుండా పోవాలి. పాలటినేటులో ఫ్రెంచివాళ్ల లెక్కా అదే. జరిగిందీ అలాగే. 1787లో సంధి కుదిరి ఆదోని తిరిగొచ్చింది. మహాబత్ జంగ్ మాత్రం శిథిలాల్లోకి తిరిగి రాకుండా రాయచూరులో ఉండిపోయాడు. హైడెల్‌బర్గ్ పాలకులు కూడా 1720లో కొండ వదిలి మైదానంలోని మాన్‌హైముకు కాపురం మార్చారు. టిపూ మతద్వేషంతో ఆదోనిని నాశనం చేశాడని కొందరు, అసలేమీ కూల్చలేదని కొందరు వాదించుకోవడం మనం వింటుంటాం. కూల్చాడు, అందులో సందేహం లేదు. కూల్చింది సాటి ముసల్మాను నవాబు కోటను, సైనిక కారణంతో. ఆ రెండు వాదనలకూ ఇక్కడ చోటు లేదు.

రాజు పోయాక పేట ఏమైంది? హైడెల్‌బర్గ్ జనం కోట రాళ్లు ఎత్తుకెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో శార్ల్ ద గ్రాంబెర్గ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు అడ్డుపడి, బొమ్మలు గీసి, శిథిలాన్ని నిలబెట్టాడు. ఫ్రెంచివాళ్లు పగలగొట్టినదాన్ని మరో ఫ్రెంచివాడు కాపాడటం చరిత్ర వేసే చమత్కారాల్లో ఒకటి. ఆదోనికి గ్రాంబెర్గ్ దొరకలేదు, దాని అవసరమూ పేటకు కలగలేదు. 1800లో నిజాం ఈ సీమనంతా కుంఫిణీకి దత్తం చేశాడు. నది అవతలి నిజాం కుంఫిణీ చాటు మిత్రుడయ్యాక తుంగభద్ర దారిన సరిహద్దు కాపలాకు పని తగ్గిపోయింది. కోట ఉనికికి ఉన్న కారణమే పోయింది. పత్తి మాత్రం నల్లరేగడిలో పండుతూనే ఉంది. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆదోని జంఖానాలకు దూరదేశాల్లో పేరొచ్చింది. 1871లో మద్రాసు రైలూ బొంబాయి రైలూ రాయచూరులో కలిశాక, ఆ దారి మీదున్న ఆదోని పత్తి నేరుగా బొంబాయి చూసింది. పత్తి మరలూ నూనె మిల్లులూ లేచాయి. ఆదోనిని రెండో బొంబాయి అని మురిపెంగా పిలుచుకోవడం మొదలైంది. పొరుగున ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి మగ్గానికి మరో జీవం పోశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోతే, ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఆ సరిహద్దు గీయడానికి లెక్కపెట్టింది మాట్లాడే భాషను, మనుషుల తలలను. బురుజులను ఎవరూ లెక్కపెట్టలేదు.

అంత మాత్రాన పేట శాశ్వతం, కోట క్షణికం అని తేల్చేస్తే అది తొందరపాటే. పేట అన్నిసార్లు నిలవడానికి మొదట కోటే కారణం. రెండు వందల ఏళ్ల అంతర్వేది యుద్ధాల్లో చుట్టుపక్కల ఎన్ని పల్లెలు పాడుబడ్డా, కొండ నీడన ఉన్నందుకే ఇక్కడ సాలెవాళ్లూ షావుకార్లూ వచ్చి స్థిరపడ్డారు. కోట ఆ రెండు వందల ఏళ్లలో సంపాదించిపెట్టిన జనాన్నీ సంతనూ పేట ఆ తరవాత సొంతం చేసుకుంది. బారాఖిల్లా ఎక్కి కిందికి చూస్తే మసీదు, పత్తి మిల్లులు, రైలు పట్టాలు ఒకే చూపులో వస్తాయి. ఏది దేనికి ఆధారమైందో ఆ వరస చెబుతుంది.

పెద్ద కోటలు ఇలా ఒక్కొక్కటే ఖాళీ అయినా, పల్లెపల్లెకూ బురుజు కట్టుకున్న పాలెగాళ్లు మాత్రం 1800 నాటికింకా పాతుకునే ఉన్నారు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అలాంటివాళ్లను ఎనభై మందిని లెక్కతేల్చాడు. వాళ్ల చేతుల్లోంచి కత్తులు ఎలా జారాయి, కొందరికి పింఛను, కొందరికి చెర ఎందుకు దక్కాయి, మద్దికెర దొరల కుటుంబాలు దసరా నాడు భోగేశ్వరాలయం నుంచి గుర్రాలు పరుగెత్తించే పారువేటలో ఆ పాత అధికారపు ఆనవాలు ఏముంది, చివరికి 1827 జులైలో అదే మన్రో ఇక్కడికి దగ్గర్లోని పత్తికొండలో కలరాతో ఎలా కన్నుమూశాడు – ఇవన్నీ వచ్చే భాగంలో.